మనసులోని మూట దించుకోవడం ఎలా: చెల్లు రాసుకునే పద్ధతి

మహిళా సంఘాల మీటింగుల్లో లెక్కలు రాయడం నా పని. నల్లగొండలో పదిహేనేళ్లుగా అదే చేస్తున్నాను. మీటింగ్ అయ్యాక అందరూ వెళ్లిపోతారు. ఒక్కరు మాత్రం చెప్పులు వెతుక్కుంటున్నట్టు గుమ్మం దగ్గరే ఆగుతారు. "అక్కా, మనసులకెల్లి పోతలేదు. అందరు వదిలెయ్ వదిలెయ్ అంటరు. ఎట్ల వదిలెయ్యాలె?"

ఒకరికి మరిది అన్న మాట. ఒకరికి గులాబీ పురుగు తినేసిన పత్తి. మక్తల్ నుంచి ఇక్కడికి కోడలిగా వచ్చిన ఒకామెకు పూణేలో పనిచేసే తమ్ముడి మీద బెంగ. వదిలెయ్ అని సలహా ఇచ్చేవాళ్లు ఎలాగో మాత్రం చెప్పరు. ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది కాబట్టి, నాకూ ఇంకొందరికీ పనికొచ్చిన పద్ధతిని వరసగా రాస్తున్నాను. నేను డాక్టర్‌ని కాను, లెక్కలు రాసేదాన్ని. అందుకే ఇందులో ఖాతా పుస్తకం వాసన కొంచెం ఎక్కువే వస్తుంది.

మొత్తం తొమ్మిది మెట్లు, మూడు వారాల పని.

మొదలుపెట్టే ముందు చూసుకోవలసినవి

ఇంట్లో మిమ్మల్ని కొట్టేవాళ్లు, బెదిరించేవాళ్లు ఉంటే ఈ పద్ధతి మీకు కాదు. అక్కడ వదిలేయాల్సింది ఏమీ లేదు, బయటపడాల్సింది ఉంది. 181కి ఫోన్ చేయండి, లేదా జిల్లా కేంద్రంలోని సఖి కేంద్రానికి వెళ్లండి. ప్రాణం మీదికి వస్తే 112.

మనిషి పోయి ఏడాది కూడా కాకపోతే మొదటి నాలుగు మెట్లు చేయండి, ఆరోదాని జోలికి పోకండి. ఏడుపుకు దాని టైం దానికి కావాలి.

ఇంకొకటి. ఆస్తి పంపకాల సమయంలో "పోనీ వదిలెయ్ బిడ్డా, అన్నదమ్ములే కదా" అని పెద్దమనుషులు అంటుంటారు. ఆ వదిలేయడం వేరు, ఈ వదిలేయడం వేరు. 2005 సవరణ తర్వాత పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఉంది. మనసు తేలికవుతుందని ఎవరో అన్నారని హక్కు విడుదల కాగితం మీద సంతకం పెట్టకండి. ముందు వకీలును అడగండి, మనసు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

కావలసినవి

- వంద పేజీల నోట్‌బుక్. పిల్లల పాత నోట్‌బుక్‌లో మిగిలిన పేజీలైనా సరే.
- రెండు రంగుల పెన్నులు.
- రోజుకు 20 నిమిషాలు, ఎవరూ పిలవని సమయం. మా దగ్గర చాలామందికి అది మధ్యాహ్నం మూడు గంటలు.
- ఒక ఖాళీ గోనెసంచి.
- నమ్మకమైన మనిషి ఒకరు. ఏడో మెట్టులో పని పడుతుంది, ఇప్పటి నుంచే ఆలోచించి పెట్టుకోండి.
- ఫోన్‌లో 14416 నంబర్ సేవ్ చేసి ఉండాలి. ఇది టెలిమానస్, ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

చదువు రాకపోతే? మా సంఘంలో ఒక పెద్దమ్మ చింతగింజలతో చేసింది. ఒక్కో బాధకు ఒక గింజ పట్టుకుని పైకి చెప్పుకుని, నాలుగు గిన్నెల్లో వేసింది. బాగానే పనిచేసింది.

1. మూట విప్పండి

మొదటి రోజు 20 నిమిషాలు కూర్చుని, తలలో తిరుగుతున్నవన్నీ రాయండి. ఒక్కోదానికి ఒకే లైను. పెద్దది, చిన్నది అని చూడకండి. ఒకామె అనుమతితో ఆమె పేజీలో కొంత ఇక్కడ ఇస్తున్నాను:

గ్యాస్ బుక్ చేయాలి
రేషన్ కార్డుల చిన్నోని పేరు ఎక్కలే
మేనమామ ఇంటి గృహప్రవేశానికి పిలవలే
మోకాలు నొప్పి, ఎక్స్‌రే తీపిచ్చుకోలే
పక్కింటామె గిన్నె నా దగ్గర్నే ఉంది
అమ్మ పోయిన నాడు నేను పక్కన లేను
మోటర్ మెకానిక్‌కు ఇంక 1,500 ఇయ్యాలె

గిన్నె, దాని కిందే అమ్మ. తలలో అవి అలాగే పక్కపక్కన ఉంటాయి. రాత్రి రెండింటికి మెలకువ వస్తే ముందు గిన్నె గుర్తొస్తుంది, గిన్నె వెంట అమ్మ వస్తుంది. ఆ గిన్నె తిరిగిచ్చేసిన రోజు ఆమె ఎందుకో బాగా నిద్రపోయిందట.

ఇక్కడ అందరూ చేసే తప్పు కథ రాయడం. "ఆ రోజు నేను వంట చేస్తుంటే ఆమె వచ్చి..." అని మొదలుపెడితే ఒక్క బాధకే నాలుగు పేజీలు అయిపోతాయి, కోపం కూడా పెరుగుతుంది. ఒకే లైను. రెండో తప్పు ఫోన్‌లో రాయడం. మధ్యలో వాట్సాప్ మెసేజ్ వస్తుంది, ఇక అంతే.

సరిగా అయిందని ఎలా తెలుస్తుంది? కనీసం 25 లైన్లు రావాలి, వాటిలో రాయాలా వద్దా అని పెన్ను ఆగిన లైను ఒక్కటైనా ఉండాలి. అలాంటిది లేకపోతే రేపు మళ్లీ కూర్చోండి.

2. గుర్తులు పెట్టండి

మరుసటి రోజు రెండో రంగు పెన్నుతో ప్రతి లైను పక్కన ఒక గుర్తు పెట్టండి.

టిక్కు: నేను చేయగలిగిన పని.
సున్నా: డబ్బు. ఇవ్వాల్సిందైనా, రావాల్సిందైనా.
ఇంటూ: ఇది నాది కాదు, వేరేవాళ్ల మూట.
చుక్క: జరిగిపోయింది, ఇప్పుడు చేసేదేమీ లేదు.

ఒకదానికి రెండు గుర్తులు వస్తే దాన్ని రెండు లైన్లుగా విడగొట్టండి. "కొడుకుకు ఉద్యోగం రాలేదు" అనేది ఇంటూ. "కొడుకు సర్టిఫికెట్ల జిరాక్స్ తీయించాలి" అనేది టిక్కు.

చుక్కలే ఎక్కువ వచ్చాయని కంగారు పడేవాళ్లున్నారు. నేను చూసిన పుస్తకాల్లో ఎక్కువగా ఉండేవి టిక్కులే. మనం మనసు బరువు అనుకునే దానిలో చాలా భాగం చేయకుండా ఉండిపోయిన చిల్లర పనులే.

3. చిల్లర పనులు తీర్చేయండి

టిక్కు పెట్టిన వాటిలో పావుగంటలో అయ్యేవి మొదటి వారం చేసేయండి. రోజుకు రెండు చాలు. ఒకేరోజు పది పెట్టుకుంటే నాలుగు చేసి అలసిపోతారు, మిగతా ఆరు చూసి మళ్లీ దిగులు. పెద్ద పనులకు తేదీ వేయండి: "మోకాలు ఎక్స్‌రే, వచ్చే మంగళవారం, పెద్దాసుపత్రి." తేదీ లేని పని బరువుగానే ఉంటుంది.

4. అప్పుల పేజీ

సున్నాలన్నిటినీ ఒక కొత్త పేజీలోకి ఎక్కించండి. ఎవరికి, అసలు ఎంత, వడ్డీ ఎంత, ఎప్పుడు తెచ్చింది, ప్రామిసరీ నోటు రాసిచ్చామా. ఇంట్లో అందరి అప్పులూ, మగవాళ్లు చెప్పకుండా తెచ్చినవి కూడా.

ఇక్కడే చాలామంది పుస్తకం మూసేస్తారు. మొత్తం కూడితే గుండె ఆగిపోతుందని భయం. నా అనుభవంలో అసలు సంఖ్య ఎప్పుడూ భయపడ్డ సంఖ్య కంటే చిన్నదే ఉంటుందని చెప్పలేను. రెండుసార్లు పెద్దదే వచ్చింది. అయినా కాగితం మీద ఉన్న అప్పు రాత్రి నిద్రలేపదు, ఎంతో తెలియనిదే లేపుతుంది.

వడ్డీని ఏడాదికి మార్చి రాయండి. నూటికి రెండు రూపాయలు అంటే వినడానికి చిన్నగా ఉంటుంది, ఏడాదికి 24 శాతం అది. నూటికి మూడంటే 36. బ్యాంకు పంట రుణం 3 లక్షల వరకు 7 శాతం, గడువులోపు కట్టేవాళ్లకు 4 శాతమే పడుతుంది. అలా పక్కపక్కన రాస్తే ముందు ఏది తీర్చాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

అసలో వడ్డీయో కొంత కట్టినప్పుడల్లా నోటు వెనక చెల్లు, అంటే ఇంత ముట్టిందన్న రాత, రాయించి, తేదీ వేయించండి. మొత్తం తీరిన రోజు నోటు చేతికి తీసుకునే ఇంటికి రండి. "రేపు ఇస్తా" అంటే అక్కడే కూర్చోండి.

హెచ్చరిక: మనసు తేలిక కావాలని ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు తేవద్దు. కొత్త అప్పుకు వడ్డీ తక్కువైతే తప్ప.

5. వేరేవాళ్ల మూట వెనక్కి ఇవ్వండి

ఇంటూ గుర్తు ఉన్నవాటికి మూడు ప్రశ్నలు వేసుకోండి. నన్ను సాయం అడిగారా? నా చేతిలో ఏమైనా ఉందా? నేను ఆలోచించడం మానేస్తే వాళ్లకు నష్టమా? మూడింటికీ "లేదు" అని వస్తే ఆ లైను మీద అడ్డంగా గీత కొట్టండి. ఒక్కదానికి "అవును" వచ్చినా దాన్ని టిక్కుగా మార్చి తేదీ వేయండి.

అమ్మలకు ఈ మెట్టు కష్టం. గీత కొడితే ప్రేమ లేనట్టు అనిపిస్తుంది. హైదరాబాద్‌లో ఉన్న కొడుకుకు రోజుకు ఐదుసార్లు ఫోన్ చేసే ఒక తల్లికి నేను చెప్పింది ఇంతే: రాత్రి తొమ్మిదికి ఒక్కసారి చెయ్యి, ఆ ఒక్కసారి కూడా "తిన్నవా" అని కాకుండా ఇంట్లో ఏం జరిగిందో నువ్వే చెప్పు. పది రోజులకు ఆ అబ్బాయే తిరిగి ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. అందరి పిల్లలూ చేస్తారని హామీ ఇవ్వలేను.

6. చెల్లు రాయండి

ఇక మిగిలినవి చుక్కలు. అన్న మాటలు, చేసిన మోసాలు, పిలవని పెళ్లిళ్లు. ఇది నిదానంగా చదవండి.

మన దగ్గర అప్పిచ్చేవాళ్లందరికీ తెలిసిన విషయం ఒకటుంది. ప్రామిసరీ నోటుకు మూడేళ్లు గడువు. ఆలోపు కోర్టుకు వెళ్లకపోతే నోటు చెల్లదు. అందుకే మూడేళ్లు నిండబోతున్నాయనగా అప్పిచ్చినవాళ్లు వచ్చి, "ఎంతో కొంత ఇయ్యి" అని అయిదొందలో వెయ్యో తీసుకుని, నోటు వెనక చెల్లు రాయించి సంతకం పెట్టించుకుంటారు. ఆ తేదీ నుంచి ఇంకో మూడేళ్లు. వెయ్యి రూపాయలతో లక్ష అప్పు మళ్లీ కొత్తదవుతుంది.

బాధ కూడా ఇలాగే కొత్తదవుతుంది. ఎవరో మనకు బాకీ ఉన్నారు: ఒక క్షమాపణ, ఒక మర్యాద, కొంత డబ్బు. వాళ్లు ఇవ్వరు. మనం మాత్రం ప్రతి పెళ్లిలో, ప్రతి చావు ఇంట్లో పక్కన కూర్చున్నవాళ్లకు ఆ కథ మళ్లీ చెప్తాం. "అయ్యో పాపం" అంటారు. ఆ అయ్యో పాపమే వెయ్యి రూపాయలు. నోటు ఇంకో మూడేళ్లు బతుకుతుంది.

కాబట్టి మనం రాయాల్సింది చివరి చెల్లు, నోటు తిరిగిచ్చేసే చెల్లు. ఒక్కో చుక్కకు ఒక పేజీ తీసుకుని నాలుగు లైన్లు రాయండి:

ఒకటి, వాళ్లు నాకు బాకీ ఉన్నది ఏమిటి.
రెండు, దీని మీద నేను ఇప్పటిదాకా కట్టిన వడ్డీ ఏమిటి.
మూడు, వసూలుకు నేను చేయగలిగింది ఇంకా ఏమైనా మిగిలిందా. మిగిలితే ఇక్కడే ఆగి, టిక్కు పెట్టి, ముందు ఆ పని చేయండి.
నాలుగు, "చెల్లు". తేదీ, సంతకం.

నాది చెప్తాను. తెలిసినామె నడిపిన చిట్టీలో నాకు 1,20,000 పోయాయి. ఇద్దరు పెద్దమనుషులను తీసుకెళ్లి అడిగాను, చిల్లిగవ్వ రాలేదు. ప్రకాశం బజార్‌కు మా ఇంటి నుంచి దగ్గర దారి ఆమె గుమ్మం ముందు నుంచే. నాలుగేళ్లు నేను క్లాక్ టవర్ మీదుగా చుట్టూ తిరిగి కూరగాయలకు వెళ్లాను. రెండో లైనులో అదే రాశాను: నాలుగేళ్లు, వారానికి మూడుసార్లు, చుట్టు దారి. రాశాక చాలాసేపు ఆ లైనే చూస్తూ కూర్చున్నాను. డబ్బు పోగొట్టింది ఆమె, నడిచింది నేను.

చెల్లు రాసి సంతకం పెట్టాను. మూడో రోజే మా వదిన ఫోన్ చేసి, "ఆ చిట్టీ పైసలు ఏమైనయి?" అంది. అరగంట చెప్పాను. ఆ రాత్రి నిద్ర లేదు. మొదటి నుంచి మొదలు. అప్పుడు పెట్టుకున్న నియమం మీకూ చెప్తున్నాను: చెల్లు రాశాక 40 రోజులు ఆ కథ ఎవరికీ చెప్పకూడదు. అడిగితే "లెక్క అయిపోయింది" అని మాట మార్చండి.

ఇందులో జరిగే తప్పులు:

చెల్లు అంటే క్షమించడం అనుకుంటారు. అక్కర్లేదు. వాళ్లింటికి భోజనానికి వెళ్లక్కర్లేదు, మళ్లీ అప్పు అసలే ఇవ్వక్కర్లేదు. షావుకారు పాత ఖాతా మూసేసినా ఆ మనిషికి కొత్త అరువు ఇవ్వడు కదా.

చెల్లు రాసిన సంగతి అవతలి మనిషికి చెప్తారు. "నేను నిన్ను మాఫ్ చేసిన" అని ఫోన్ చేసిన ఒకాయనకు కొత్త గొడవ మొదలైంది. చెప్పకండి.

పెద్దదానితో మొదలుపెడతారు. గృహప్రవేశానికి పిలవనిదానితో మొదలుపెట్టండి. చేయి తిరిగాక పెద్దవి.

బాకీ మీరే ఉంటే? అమ్మ పోయినప్పుడు పక్కన లేకపోవడం లాంటివి. ఇది ఇంకా కష్టం, ఎందుకంటే చెల్లు రాయాల్సిన చేయి లేదు. పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం చూసే ఉంటారు. లింగం వెనక గోడ మీద స్తంభం నీడ పొద్దంతా కదలదు. ఒక్క వైపు నుంచి కాకుండా చాలా దిక్కుల నుంచి వెలుగు వచ్చి పడడం వల్ల అలా ఉంటుంది. ఈ రకం బాధ కూడా అంతే, ఎటు తిరిగి చూసినా అక్కడే ఉంటుంది. దీన్ని చెరిపేయాలని చూడకండి. బాకీని వేరే ఖాతాలో కట్టండి. పైన చెప్పిన గిన్నె ఆమె తన వీధిలో ఒంటరిగా ఉండే ముసలమ్మకు అమావాస్య నాడు కూర, రెండు జొన్నరొట్టెలు ఇచ్చి వస్తుంది. ఎన్ని నెలలో కూడా ముందే రాసుకుంది: పన్నెండు. అంతు లేకుండా పెట్టుకుంటే అదీ ఒక మూటే అవుతుంది.

7. దించడానికి ఒక చేయి

మట్టి తట్ట ఎత్తుకోవాలన్నా, నెత్తి మీది గడ్డిమోపు దించుకోవాలన్నా ఇంకో మనిషి చేయి వేయాలి. ఒక్కరే దించబోతే మెడ పట్టేస్తుంది. పాలమూరు నుంచి పనులకు పోయినవాళ్లకు ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు.

రెండో వారంలో ఒకసారి నమ్మకమైన మనిషి దగ్గర కూర్చోండి. ముందే చెప్పండి: "నువ్వేం చెయ్యకు, సలహా ఇయ్యకు. పది నిమిషాలు విను." ఈ ముక్క చెప్పకపోతే రెండో నిమిషంలోనే "నాకైతే ఇంకా ఘోరం జరిగింది" అని మొదలవుతుంది. 40 రోజుల నియమం సంగతేంటి అంటారా? చెల్లు రాయని వాటి గురించే మాట్లాడండి.

ఎవరు వద్దు: ఆ గొడవలో ఉన్నవాళ్ల చుట్టాలు. ఇక్కడి మాట అక్కడ చెప్పేవాళ్లు. సీసా ముందు పెట్టుకుని కూర్చునేవాళ్లు. మగవాళ్లు బాధ చెప్పుకోవడానికి కల్లు దుకాణానికి పోతారు, చెప్పుకోవడం అవదు గానీ అలవాటు అవుతుంది. మత్తుమందు కలిపిన కల్లు అలవాటైన మనిషిని కోపంతో ఒక్కసారిగా మాన్పించకండి. వణుకు, పిచ్చి చూపులు, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. ఆసుపత్రికి తీసుకెళ్లి డాక్టర్ చెప్పినట్టు మాన్పించాలి.

మనిషి దొరక్కపోతే 14416 ఉంది. లేదా పొద్దున్నే చెరువు కట్ట మీద నడుస్తూ మీకు మీరే పైకి మాట్లాడుకోండి. ఇప్పుడు చెవుల్లో బ్లూటూత్ పెట్టుకుని అందరూ అలాగే నడుస్తున్నారు, ఎవరూ వింతగా చూడరు.

8. టెన్షన్‌కు టైం పెట్టండి

రోజంతా పడే టెన్షన్‌ను సాయంత్రం ఆరు నుంచి ఆరుంపావుకు మార్చండి. పొద్దున ఏదైనా గుర్తొస్తే ఒక్క మాట నోట్‌బుక్‌లో రాసి "ఆరుకు చూద్దాం" అనుకుని పనిలో పడండి. ఆరుకు కూర్చుని నిజంగానే టెన్షన్ పడండి. పావుగంట అయ్యాక లేచి బియ్యం కడగండి. మొదటి నాలుగు రోజులు పనిచేయదు. తర్వాత ఆరు గంటలకు పేజీ తెరిస్తే సగం మాటలు ఎందుకు రాశామో కూడా గుర్తుండదు. పడుకునే ముందు మాత్రం ఈ టైం పెట్టుకోకండి.

రాత్రి మెలకువ వస్తే నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. అయిదు నిమిషాలు.

9. గోనెసంచి

మూడో వారం ఇల్లు. ఇల్లంతా కాదు, ఒక్క సజ్జ. విరిగిన కుక్కర్ పిడి, పెళ్లికి వచ్చిన పదమూడో స్టీలు డబ్బా, పని చేయని మూడు చార్జర్లు సంచిలో వేయండి. "పాత ఇనుప సామాన్లకు ఉల్లిగడ్డలూ..." అని బండి వచ్చేదాకా సంచి గుమ్మం పక్కన ఉంచండి, మళ్లీ సజ్జ ఎక్కించకండి.

పోయినవాళ్ల బట్టలు ఒంటరిగా తీయవద్దు. ఇంట్లో ఇంకో మనిషి ఉన్నప్పుడు తీయండి. ఒకటి ఉంచుకోండి. మా నాయన చొక్కాల్లో నేను జేబు చిరిగినది ఉంచుకున్నాను, మంచివన్నీ ఇచ్చేశాను. అందరూ దానికి రివర్స్ చేస్తారు, మంచిది దాచి బీరువా నింపుతారు.

కాగితాల జోలికి తొందరపడి పోకండి. పట్టాదారు పాసుపుస్తకం, పాత పహాణీ నకళ్లు, రిజిస్ట్రేషన్ దస్తావేజులు, సర్టిఫికెట్లు, బీమా బాండ్లు, ఆసుపత్రి డిశ్చార్జ్ కాగితాలు చెత్తలా కనిపించినా ఉంచాల్సినవే. భూమి రికార్డులకు ధరణి పోయి భూభారతి వచ్చింది, ఆఫీసులో అడిగేది ఇప్పటికీ పాత కాగితమే. ఇంకో మనిషి సామాను వాళ్లను అడగకుండా పడేయకండి. మా ఆయన పాత రేడియో విషయంలో నేను ఇంకా బాకీ ఉన్నాను.

తేలికైందో లేదో ఎలా చూసుకోవాలి

21వ రోజు మొదటి పేజీ తెరవండి. ఒక్కో లైను చదువుతూ సున్నా నుంచి పది వరకు బరువు మార్కులు వేయండి. వీలైతే మొదటి రోజు కూడా వేసి ఉంచుకోండి, పోల్చడానికి. ఎనిమిది ఉన్నది అయిదుకు వస్తే పని జరిగినట్టే. సున్నా కావాలని చూడకండి.

ఇంకో పరీక్ష దారి పరీక్ష. మీరు తప్పించుకుంటున్న వీధి, ఎత్తని ఫోన్ నంబర్, వెళ్లని ఫంక్షన్, వీటిలో ఒకదాన్ని ఎంచుకోండి. చెల్లు రాసిన రెండు నెలలకు నేను దగ్గర దారిలో బజారుకు వెళ్లాను. ఆమె డాబా మీద వడియాలు ఎండబెడుతోంది. నన్ను చూసి చూడనట్టు తల తిప్పుకుంది. కడుపులో కొంచెం కదిలింది. నేను ఆగలేదు. కిలో టమాటా, పావుకిలో పచ్చిమిర్చి తీసుకుని అదే దారిలో తిరిగి వచ్చాను.

మార్కులు తగ్గకపోతే ఎక్కడ తప్పిందో వెతకండి. ఎక్కువసార్లు ఆరో మెట్టులో మూడో లైను దగ్గరే ఉంటుంది: చేయాల్సింది ఒకటి మిగిలి ఉండగానే చెల్లు రాసేసి ఉంటారు. లేదంటే 40 రోజుల్లో ఎవరికో చెప్పి ఉంటారు.

ఎప్పుడు ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి

రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా, ఏ పనీ చేయబుద్ధి కాకపోయినా, నేను లేకపోతేనే నయం అనిపిస్తున్నా ఈ నోట్‌బుక్ పక్కన పెట్టండి. ప్రభుత్వ పెద్దాసుపత్రికి వెళ్లి మానసిక వైద్యుల ఓపీ ఎక్కడో అడగండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే ఈరోజే 14416కు ఫోన్ చేయండి, ఇంట్లో ఒక మనిషికి చెప్పండి.

రైతుల ఇళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. పురుగుమందు డబ్బాలు ఇంట్లో చేతికందే చోట ఉంచకండి. తాళం వేసి, తాళంచెవి వేరేవాళ్ల దగ్గర పెట్టండి. దిగులుగా ఉన్న మనిషి ఇంట్లో ఉంటే డబ్బాలే వేరే చోటికి మార్చండి. ఆ ఆలోచన తీవ్రంగా ఉండేది చాలాసార్లు కొద్దిసేపే, ఆ కొద్దిసేపు చేతికి ఏమీ దొరక్కపోతే మనిషి దక్కుతాడు. ఎవరైనా తాగితే వాంతి చేయించాలని చూస్తూ కూర్చోకండి, 108కి ఫోన్ చేసి డబ్బాతో సహా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పిచ్చి డాక్టర్ దగ్గరికి పోయిందంటారని భయమా? మహబూబ్‌నగర్ పిల్లలమర్రి చూసే ఉంటారు, ఏడు వందల ఏళ్ల చెట్టని చెప్తారు. 2017 చివర్లో చెదలు పట్టి ఒక పెద్ద కొమ్మ విరిగింది. మరుసటి ఏడాది సెలైన్ సీసాలు కట్టి చుక్కచుక్కగా మందు ఎక్కించారు, కొమ్మల కింద సిమెంటు దిమ్మెలు పెట్టారు. చెట్టును ఎవరూ ఏమీ అనలేదు.

చివరగా, ఈ నోట్‌బుక్‌ను ఏం చేయాలి?

ఎవరైనా చదువుతారేమో అన్న భయం అందరికీ ఉంటుంది. ఆ భయం ఉంటే నిజం రాయరు. అందుకే ముందే నిర్ణయించుకోండి: మూడు వారాల తర్వాత మొదటి పేజీలు, చెల్లు పేజీలు చించి నీళ్లు కాగబెట్టే పొయ్యిలో వేసేయవచ్చు. అప్పుల పేజీ మాత్రం జాగ్రత్తగా తీసి పక్కన పెట్టుకోండి. నేను హడావుడిలో దాన్ని కూడా వేసేశాను, ఆరు నెలల పాల లెక్క మళ్లీ పాలామె నోటి మాట మీద రాసుకోవాల్సి వచ్చింది.